పలక మీద రెండు దెబ్బలు

నల్లపాడు,
4 నవంబరు 2024.

అత్తా,

నెల దాటినా ఉత్తరం లేదని ఈపాటికి జానీబీ పిన్ని దగ్గర కూర్చుని నన్ను దూదేకినట్టు ఏకేసి ఉంటావు. ఆ పని అయిపోయింది కాబట్టి ఇక నిదానంగా చదువు.

నేను ఉత్తరం రాస్తుంటే మా ఆఫీసులో వింతగా చూస్తారు. ఫోనులో నాలుగు ముక్కలు కొట్టి పంపొచ్చు కదా అంటారు. మా అత్తకి చెవులు వినపడవు, ఫోనులో అక్షరాలు చీమల్లా పాకుతాయంటుంది, కాగితం మీద రాస్తేనే మనిషి రాసినట్టు లెక్క అని వాళ్ళకి చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

ఇప్పుడు అసలు కబురు. నాకు ఉద్యోగం ఖాయమైంది. గుంటూరు నుంచి దర్శి దాకా మూతబడిన పాత మిల్లుల్నీ గోడౌన్లనీ ఒక దారిగా కలిపి, బస్సు వేసి, జనాన్ని తిప్పి చూపిస్తారు. దానికి ‘పత్తి బాట’ అని పేరు పెట్టారు. గుంటూరులో పొగాకు గోడౌన్లతో మొదలవుతుంది. తర్వాత మా నల్లపాడు స్టేషన్ దగ్గర బేళ్ళు ఎక్కించిన పాత షెడ్డు, సత్తెనపల్లిలో పత్తి ప్రెస్సు, దారిలో ఇంకా రెండు మూడు. ఆఖరి మజిలీ ఎక్కడో చెప్పుకో. మన జిన్నింగ్ మిల్లు! నిన్ను చెవిటిదాన్ని చేసిన ఆ మిల్లే. మీటింగులో మా పెద్దాయన చైతన్యకృష్ణ గారు దర్శి బొమ్మ తెర మీద వేయగానే నేను లేచి, "మా అత్త ఆ జిన్నుల దగ్గర పనిచేసిందండీ, ఇప్పుడు ఆ ఆవరణలోనే పరుపులు కుడుతుంది" అని చెప్పేశాను. అందరూ నా వైపు తిరిగి, సినిమావాళ్ళ చుట్టాన్ని చూసినట్టు చూశారు.

నీ కొట్టు గురించి దిగులు వద్దు. మిల్లు గోడకి ఆనుకుని ఉన్న నీ రేకుల షెడ్డుని ప్లానులో నా చేత్తో నేనే గీశాను.

నీకు ఒక పని పెడుతున్నాను. మిల్లు యజమాని మనవడు వాళ్ళ బంగళాలోంచి పాత పరుపు ఒకటి ఇచ్చాడు. ఎల్లుండి ఆర్టీసీ పార్సిల్లో నీ పేరున వేస్తున్నాను. దాన్ని నువ్వే చూసుకోవాలి. పరుపుల సంగతి నీకంటే ఎవరికి తెలుసు?

నాకు మాత్రం ఇక్కడ కుదురు లేదు. గది రైలు పట్టాల పక్కనే. చాప మీద అలా నడుం వాలుస్తానో లేదో గూడ్సు వస్తుంది, నేలంతా అదురుతుంది, లేచి కూర్చుంటాను. పొద్దున బస్సు, మధ్యాహ్నం జీపు, సాయంత్రం మళ్ళీ బస్సు. ఏ ఊళ్ళో తిన్నానో గుర్తుండటం లేదు. అయినా బాగానే ఉన్నాను.

నీ
సఫూరా


దర్శి,
9 నవంబరు.

అమ్మాయ్ సఫూరా,

నీ ఉత్తరం జానీబీకి చదివి వినిపించాను. నా గొంతు నాకు తెలియదు కదా, వీధి మొత్తం విన్నదని జానీబీ తర్వాత సైగలతో చెప్పింది. టీ కొట్టతను రోడ్డు దాటి వచ్చి, చేత్తో నోరు చూపించి, మిఠాయి ఏదని సైగ చేశాడు. పెట్టక తప్పలేదు.

ఒక్క ముక్క మాత్రం నాకు కొరుకుడు పడలేదు. నడిచే మిల్లుని చూడ్డానికి జనం వస్తారంటే అర్థముంది. మూతబడినదాన్ని చూడ్డానికి బస్సెక్కి వస్తారా? తుప్పు చూడాలంటే వాళ్ళ ఇళ్ళకి గేట్లు లేవా? మీది పత్తి బాట కాదే, మూతల బాట.

మూతి ముడుచుకోకు. నాకూ సంతోషంగానే ఉంది. నీ వయసు వచ్చేసరికి నేను ఆ మిల్లులో పాతకాపుని. పై అంతస్తులో చెక్కపలకల నేల, దాని మీద వరసగా జిన్నులు. మేం ఆడవాళ్ళం పత్తి అందిస్తుంటే ఒక పక్క దూది, ఒక పక్క గింజలు. ఆ హోరులో పక్కమనిషి అరిచినా నోరు కదలడమే కనపడేది, మాట వినపడేది కాదు. అందుకని ఎవర్నైనా పిలవాలంటే పలక మీద మడమతో రెండు దెబ్బలు కొట్టేవాళ్ళం. అదురు కాళ్ళలోంచి పైకి వచ్చేది. ఆ మనిషి తిరిగి చూసేది. చెవులున్నన్నాళ్ళూ మాకు చెవులతో పని పడలేదు, అవి పోయినప్పుడు కూడా పోయాయని వెంటనే తెలియలేదు.

మిల్లు మూసేసిన రోజు అందరూ జీతం బాకీల కోసం గేటు దగ్గర నిలబడితే, నేను ఆ నేల పలకలు రెండు ఇమ్మని అడిగి తెచ్చుకున్నాను. దూది ఏకే నా మోటారు దగ్గర ఇప్పటికీ వాటి మీదే కూర్చుంటాను. మీ అమ్మ పోయి మీ నాన్న లారీ మీద తిరుగుతుంటే నిన్ను నేను తెచ్చుకున్నాను కదా, అప్పటికి నీకు నడక రాలేదు. పాక్కుంటూ వచ్చి అరచేతుల్తో ఆ పలకలు బాదేదానివి. ఏడిస్తే నాకు వినపడదని నీకెవరు చెప్పారో!

పరుపు వచ్చింది. దాని సంగతి నాకొదిలేయ్. నువ్వు చాప మీద పడుకుంటున్నావని చదివిన దగ్గర్నుంచి నాకూ కంటి మీద కునుకు లేదు. ఇంత ఉద్యోగం చేస్తూ నేల మీద పడుకోవడమేంటే, మేం పరుపులు కుట్టేవాళ్ళం కాకపోతే ఆ మాట వేరు.

వచ్చి ఒక్కసారి కనపడి పో. గోంగూర పచ్చడి జాడీలో ఉంది, ఎండు మిరపకాయలు ఈసారి ఘాటుగా ఉన్నాయి.

నీ అత్త
రసూల్‌బీ


సత్తెనపల్లి,
17 నవంబరు.

అత్తా,

ఇది ప్రెస్సు గదిలో నిలబడి రాస్తున్నాను. కూర్చోవడానికి ఇక్కడ ఏమీ లేదు. కూర్చోదగినవన్నీ ముట్టుకోకూడనివే. బయట పత్తి ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి, ఒకటే హారన్లు, ఆ ధూళికి తుమ్ములు ఆగటం లేదు. కొత్త పత్తి అంతా ఎదురుగా రోడ్డు మీద పోతుంటే మేం లోపల పాత ప్రెస్సుకి దుమ్ము దులుపుతున్నాం.

మన మిల్లు విషయం చైతన్యకృష్ణ గారితో మాట్లాడాను. ఆయన మంచివాడే కానీ పట్టుదల మనిషి. నీ కొట్టు ఉండాలంటే ఒక పద్ధతి చెప్పారు. బస్సు వచ్చినప్పుడు నువ్వు తాతయ్య విల్లు పట్టుకుని దూది ఏకి చూపించాలి. మోటారు మాత్రం కనపడకూడదు, వెనక్కి జరిపేయాలి. మన దూదేకులవాళ్ళు పూర్వం విల్లుతో ఏకే పద్ధతి జనానికి తెలియాలని ఆయన కోరిక. విల్లు అటక మీద ఉంది కదా? నువ్వు పెద్దగా చేయాల్సింది ఏమీ లేదు. ఊరికే కూర్చున్నా చాలు. ఒక్క గంట ఓపిక పడితే అయిపోతుంది.

ఆ పరుపు తడవకుండా చూడు. ఎవర్నీ దాని మీద కూర్చోనివ్వకు.

రావాలనే ఉంది. రేపు వినుకొండ, ఎల్లుండి చిలకలూరిపేట. ఆ తర్వాత చూస్తాను.

నీ
సఫూరా


దర్శి,
22 నవంబరు.

సఫూరాకి,

ఊరికే కూర్చోమంటావా? పుట్టి బుద్ధెరిగాక ఊరికే కూర్చున్నది లేదు. ఒళ్ళు కాలిపోతున్న జ్వరంలో కూడా దబ్బనం వదల్లేదు. నన్ను ఊరికే కూర్చోబెట్టి చూడ్డానికి బస్సేసుకుని వస్తారా?

ఆ విల్లు మా నాన్నది. నేను దాన్ని ఎప్పుడూ పట్టలేదు. ఆ తీగ కొట్టీ కొట్టీ సాయంత్రానికి ఆయన భుజం పైకి లేచేది కాదు, అన్నం మా అమ్మ కలిపి పెట్టేది. మోటారు కొన్న రోజు ఆయన దాని చుట్టూ తిరిగి తిరిగి, చెయ్యి వేసి నిమిరి, "ముందే వచ్చుంటే ఎంత బాగుండేదే రసూలూ!" అన్నాడు. ఆ మోటారుని నేను వెనక్కి దాచాలా? మా నాన్న నొప్పిని ముందు పెట్టాలా? ఏకు మేకయిందని ఊరికే అనలేదు. చిన్నప్పుడు నా ఒళ్ళో దూది పింజలా ఉండేదానివి.

ఇంకో మాట. మొన్న టేపులు పట్టుకుని నీ మనుషులు వచ్చారు. నా షెడ్డు గోడ మీద ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు వేసి పోయారు. అంటే ఏంటని నేను అడిగితే ఒకడు చేత్తో కూలగొట్టినట్టు చూపించాడు. నువ్వు ప్లానులో గీశానన్నది ఇదేనా? అదే జీపులో నువ్వూ ఉన్నావని, దిగకుండానే పోయావని జానీబీ చెప్పింది. నేను నమ్మలేదు. దానికి చూపు తగ్గిందని తిట్టాను. అది నీ నీలం ఓణీ కూడా చెప్పింది.

పరుపు నిన్ననే అయిపోయింది. విప్పితే లోపల దూది రాళ్ళు కట్టి ఉంది, అయినా జాతి పత్తి, ఎండబెట్టి మోటారులో వేస్తే పొంగి వచ్చింది. పైగుడ్డ చీకిపోయింది. ఏదో మిల్లు ముద్ర ఉన్న మేర కాస్త గట్టిగా ఉంటే మోటారు తుడుచుకోవడానికి చించుకున్నాం. కొత్త చారల గుడ్డ వేశాను. సొంతదారు పక్కన కూర్చుని చూస్తుండగా ఏకడం మన పద్ధతి కదా, లేకపోతే దూది మార్చేశారని మాట వస్తుంది. నువ్వు లేవు కాబట్టి నీ తరఫున జానీబీని కూర్చోబెట్టాను. పింజ కూడా మారలేదు.

అత్త


నల్లపాడు,
26 నవంబరు.

అత్తా,

ఎంత పని చేశావు!

ఆ పరుపు వాడుకోవడానికి కాదు. ప్రదర్శనకి. మిల్లు నడిచిన నాటి వస్తువు, మిల్లు ముద్రతో సహా, ఎవరూ విప్పకుండా దొరికింది అదొక్కటే. గాజు పెట్టె కూడా చేయించారు. నువ్వు మోటారు తుడుచుకున్న గుడ్డ కోసం నేను ఆ మనవడి ఇంటి చుట్టూ ఎన్ని సార్లు తిరిగానో నీకు తెలుసా? ఇప్పుడు పెట్టెలో కొత్త చారల పరుపు పెట్టి పాతది అని చెప్పమంటావా? కనపడిన ప్రతిదాన్నీ విప్పి ఏకి కొత్తది చేసేయాలా అత్తా? ఒక్కోదాన్ని ముట్టుకోకుండా ఉంచడం కూడా పనే. అది నీకు ఎప్పటికీ అర్థం కాదు.

ఎర్ర గుర్తు సంగతి చెప్తాను, దాచడం నావల్ల కాదు. మిల్లు కట్టినప్పుడు లేనివన్నీ తీసేయాలని చైతన్యకృష్ణ గారి నిర్ణయం. నీ రేకుల షెడ్డు తర్వాత వేసింది కాబట్టి అది పోయే లెక్కలోకి వచ్చింది. నేను బతిమాలితే, ‘మీ అత్త విల్లుతో ఏకి చూపిస్తే షెడ్డుని ప్రదర్శనగా ఉంచుదాం’ అన్నారు. విల్లు పట్టమన్నది నిన్ను అవమానించడానికి కాదు, నీ కొట్టు నిలబడటానికి. నువ్వు భయపడతావని మొదట ఆ ముక్క రాయలేదు. ఇప్పుడు పరుపు సంగతి తెలిస్తే ఆయన నీకు ఏ షెడ్డూ ఇవ్వరు. నా ఉద్యోగం మాట దేవుడెరుగు.

జీపులో ఉన్నది నేనే. టేపులవాళ్ళని దింపి అటే పోతూ, సత్తెనపల్లికి ఆలస్యమవుతోందని నన్ను దిగనివ్వలేదు. గేటు దగ్గర ఆపించి నిన్ను ఎంత గట్టిగా పిలిచాను! నువ్వు మోటారు దగ్గర అటు తిరిగి కూర్చున్నావు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. విల్లు మాట మీద కోపంగా ఉన్నావనుకుని వచ్చేశాను.

సఫూరా


దర్శి,
30 నవంబరు.

సఫూరా,

నీ ఉత్తరం మడిచి పెట్టి మళ్ళీ విప్పి చూశాను. పరుపు గురించి నువ్వు రాసిన దాంట్లో నాకు బాధ లేదు. తప్పు జరిగింది. చాప మీద పడుకుంటున్నానని రాసి అదే కాగితంలో పరుపు పంపుతున్నానన్నావు. పిల్ల తనకోసం ఎక్కడో పాతది సంపాదించుకుని, కొత్తది అడగడానికి మొహమాటపడి, బాగుచేయమని పంపిందనుకున్నాను. నడుం దగ్గర కాస్త దళసరిగా వేసి దగ్గర దగ్గరగా కుట్టాను, బస్సుల్లో తిరిగే నడుం కదా అని. గాజు పెట్టెలో పరుపు పెడతారని నా ఏడు తరాల్లో ఎవరికీ తెలియదు.

కానీ నన్ను నోటితో పిలిచావా?

ఈ ఇంట్లో పెరిగి, ఆ పలకలు బాది అన్నం అడిగి, నన్ను జీపులోంచి నోటితో పిలిచావా? దారిన పోయేవాళ్ళు అలా పిలుస్తారు. బేరానికి వచ్చిన కొత్తవాళ్ళు గుమ్మంలో నిలబడి అరుస్తారు, నేను పలకలేదని పొగరనుకుంటారు. ఇప్పుడు నువ్వూ అదే అనుకున్నావు. ఎర్ర గుర్తు చూసినప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. ఇది చదివి వచ్చింది.

కొట్టు ఖాళీ చేసేశాను. మోటారునీ పలకలనీ రోడ్డవతల జానీబీ అరుగు మీదకి మార్పించాను. నీ ఉద్యోగానికి నేను అడ్డం రాను. విల్లు అటక మీద నుంచి దించి షెడ్డులో మేకుకి తగిలించాను, మీ పెద్దాయన్ని తీసుకోమను. అది ఊరికే ఉండగలదు. నేను ఉండలేను.

అరుగు ఇరుకు. వాన జల్లు కొడితే దూదంతా తడుస్తుంది. ఆ రేకుల కింద ఇన్నేళ్ళూ ఒక్క చుక్క పడలేదు. అక్కడ మిల్లు గోడకి వీపు ఆనించి కూర్చుంటే పని చేస్తున్నట్టుండేది. ఇక్కడ ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టుంది. ఇది నీతో కాకపోతే ఎవరితో చెప్పుకోను?

రసూల్‌బీ


అద్దంకి బస్టాండు,
6 డిసెంబరు.

అత్తా,

నీ ఉత్తరం బస్సులో చదువుతూ దిగాల్సిన చోట దిగలేదు. ఇక్కడ తేలాను.

అవును, నోటితో పిలిచాను. నాకు మతి లేదు. జీపు, టైము, ఫోను, చైతన్యకృష్ణ గారి వాచీ, వీటి మధ్య నీకు చెవులు లేవన్న సంగతే మర్చిపోయాను. మా ఆఫీసులో మాత్రం రోజూ చెప్తాను, మా అత్తకి వినపడదని. నీ దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను. నాకు ఎంత సిగ్గుగా ఉందో రాయలేను.

ఇంకోటి కూడా ఇప్పుడే బుర్రకెక్కింది. ఈ బాటలో ప్రతి గుమ్మం తొక్కాను. ప్రెస్సు తిరగదు, జిన్ను తిరగదు, త్రాసు కూడా ఊగదు. అన్నిటికీ రంగులు వేసి, తాళ్ళు కట్టి, ముట్టుకోరాదని బోర్డులు రాసింది నేనే. గుంటూరు నుంచి దర్శి దాకా మా బాట మొత్తంలో పత్తి మీద ఇంకా తిరుగుతున్నది నీ మోటారొక్కటే. దాన్ని వెనక్కి దాచమని రాసింది కూడా నేనే! నువ్వు మూతల బాట అన్నప్పుడే నాకు తెలియాల్సింది.

పరుపు సంగతి చైతన్యకృష్ణ గారికి చెప్పేశాను. గాజు పెట్టె కొలతల కాగితం మడిచి పక్కన పెట్టారు. తర్వాత, "షెడ్డు విషయం ఇక అడక్కండి సఫూరా" అన్నారు.

14న మొదటి బస్సు నడిపి చూస్తున్నారు. కొంతమంది పెద్దవాళ్ళని ఊరికే తిప్పుతారు. నేనూ ఉంటాను, ఆయనా ఉంటారు. కొట్టులోకి తిరిగి రమ్మని నిన్ను అడిగే మొహం నాకు లేదు. ఆ రోజు మోటారు మాత్రం ఆపకు. అంతే.

సఫూరా


దర్శి,
17 డిసెంబరు.

సఫూరా తల్లీ,

నువ్వు బస్సెక్కాక నా చెయ్యి నిలవలేదు, అందుకే ఇంత త్వరగా రాస్తున్నాను. నీకు తెలిసిందే అయినా నా వైపు నుంచి ఎలా ఉందో చెప్తాను.

నువ్వు మోటారు ఆపకన్నావని నాకు ఇంకా ఉక్రోషం వచ్చింది. ఎప్పుడు ఆపాను గనక! బస్సు వచ్చిందని జానీబీ మోచేత్తో పొడిచింది. నేను చూడలేదు. కావాలనే రోడ్డుకి వీపు పెట్టి కూర్చున్నాను. మిల్లు చూసుకుని వాళ్ళ దారిన వాళ్ళు పోతారులే అనుకున్నాను. దూది అందిస్తున్నాను, మోటారు అదురు కాళ్ళకి తెలుస్తూనే ఉంది. ఇంతలో దానికి అడ్డంగా పలక మీద ఇంకో అదురు. రెండు దెబ్బలు.

అలా కొట్టినవాళ్ళు మిల్లు మూసిన దగ్గర్నుంచి నువ్వు తప్ప ఎవరున్నారే? తిరగకముందే తెలిసింది. కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి, దూది నలకలు పడ్డాయని జానీబీతో అబద్ధమాడాను. తిరిగి చూస్తే చెప్పులు చేత్తో పట్టుకుని నువ్వు, నీ వెనకాల రోడ్డు మీద బస్సులో జనమంతా! అంత చిక్కిపోయావేంటే?

ఆ వచ్చినవాళ్ళ అవస్థ చూస్తే నవ్వొచ్చింది. పొద్దుట్నుంచి ముట్టుకోవద్దు, కూర్చోవద్దు అని తిప్పి తిప్పి చంపారట. ఆ ఒంగోలు పెద్దావిడ అరుగు మీద పరుపు చూసి ఎవర్నీ అడక్కుండా వాలిపోయింది. నీ గాజు పెట్టె పరుపే! నువ్వు పరిగెత్తుకొచ్చి ఆగిపోయావు. ఆవిడ గురక జానీబీకి వినపడిందట. మిగతావాళ్ళు మోటారు చుట్టూ చేరారు. నువ్వు వాళ్ళ చెప్పులు విప్పించి పలకల మీద నిలబెట్టావు. ఒక్కొక్కరి మొహం ఎలా వెలిగిందో నేను చూశాను, నువ్వు చూశావో లేదో.

మీ చైతన్యకృష్ణ గారు అందరికంటే ఆఖరున వచ్చారు. బూట్లు విప్పడానికి మొహమాటపడ్డారు. విప్పాక పలకల మీంచి దిగరే! నడుముకి పెట్టుకునే వాళ్ళమ్మగారి పాత దిండు బస్సు వెనకే వచ్చిన తన కారులో ఉందని తెప్పించి, దూది ఏకించుకున్నారు. మన పద్ధతి ప్రకారం సొంతదారు పక్కనే కూర్చోవాలని నువ్వు చెప్తే నిజంగానే కింద కూర్చున్నారు. ఊరికే కూర్చుంటే నాకు నచ్చదని దూది ముందు పోసి చెత్త ఏరమన్నాను. ఏరారు. బస్సు ఆలస్యమైపోతోందని డ్రైవరు వచ్చి చేతులూపితే, ఆయన వాచీ చూసుకోలేదు.

నిన్న షెడ్డు గోడ మీద ఎర్ర గుర్తుకి మనిషిని పంపి సున్నం కొట్టించారు. మోటారుతోనే ఉండమని, ఆఖరి మజిలీ నా కొట్టేనని కాగితం వచ్చింది. విల్లు గోడకే ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టుకోనక్కర్లేదు. సామాను మళ్ళీ చేర్చుకున్నాను. మిల్లు గోడకి వీపు ఆనించి ఇది రాస్తున్నాను.

కొట్టులోకి తిరిగి రమ్మని ఆ రోజు ఆయన అడిగితే నేను పెట్టిన షరతు నీ ద్వారా చెప్పించాను కదా, మర్చిపోకుండా బోర్డు మీద రాయించు. వచ్చినవాళ్ళు చెప్పులు విప్పాలి, కూర్చున్నవాళ్ళు చెత్త ఏరాలి. ముట్టుకోరాదు అన్న బోర్డు నా కొట్టు దరిదాపుల్లో కనపడితే పొయ్యిలో పెడతాను.

దర్శి పని నీ దగ్గర్నుంచి తీసేసి గుంటూరు గోడౌన్లకి మార్చారని జానీబీకి చెప్పావట, నాకు చెప్పలేదు. పరుపు వల్లేనా? నాకు అది గుచ్చుకుంటోంది. గుంటూరు నీకు దగ్గరే, నాకే నువ్వు ఇంకా దూరం అయ్యావు.

ఆ పరుపుని పెట్టెలో పెట్టడానికి ఇక పనికిరాదని మీవాళ్ళు, తమకి అక్కర్లేదని ఆ మనవడు చెప్పారు. కాబట్టి అది ఎవరికోసం కుట్టానో వాళ్ళకే చేరాలి. ఈ ఉత్తరంతో పాటు ఆర్టీసీ పార్సిల్లో వేస్తున్నాను. దానికి తాళ్ళు కట్టకు. పడుకో.

అత్త


నల్లపాడు,
23 డిసెంబరు.

అత్తా,

పరుపు శనివారం అందింది. రిక్షావాడు మోసుకొచ్చి గదిలో వేసేసరికి గదిలో ఇంకేమీ పట్టలేదు. నేను కూడా దాని మీదే ఉండాల్సి వచ్చింది.

నువ్వు అడిగినదానికి జవాబు. అవును, పరుపు వల్లే మార్చారు. గుంటూరు గోడౌన్లు కూడా నాకిష్టమే, అక్కడా ఇంకా ఎవరో ఒకరు ఏదో ఒకటి తిప్పుతూనే ఉంటారు, వెతకాలి. దర్శికి ఇక పని మీద రాను. సెలవు పెట్టుకుని నీ కోసమే వస్తాను, సంక్రాంతి దాకా ఆగను. చెప్పులు బస్సులోనే విప్పేస్తాను.

నిన్న ఆదివారం. ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఒళ్ళెరగకుండా నిద్రపోయాను. ఎండ ముఖం మీదకి వచ్చినా తెలియలేదు. ఎన్ని గూడ్సులు పోయాయో కూడా తెలియదు. ఆఖరికి ఒకటి వచ్చి నేలని గట్టిగా అదిరించింది. నేను కళ్ళు తెరవకుండానే, నీకు వినపడదన్న సంగతి మళ్ళీ మర్చిపోయి, "వస్తున్నా అత్తా!" అని గట్టిగా పలికాను.

నీ
సఫూరా